ఓటిరాయి

భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, కొనుక్కొచ్చిన ఉలులన్నీ పొడుగూ పొట్టీ చూసి వరసగా పేర్చింది ఆమె. పేర్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. పసుపుపచ్చని చెక్క పిడులు, అద్దంలా మెరిసే అంచులు. పేరంటానికి బయల్దేరినట్టు ఒకదాన్ని మించి ఒకటి ముస్తాబై ఉన్నాయి. వీటిలో ఏది ఎందుకో మాత్రం ఆమెకి తెలియదు.

భర్త కంచం పట్టుకొచ్చి చోటు కోసం వెతుక్కున్నాడు.

"ఇంతకీ నేనెక్కడ తినాలి?"

"ఇవాళ్టికి ఒళ్ళో పెట్టుకుని తినండి. రేపు మా శిల్పం క్లాసులో మేం రాతిబల్లకి మారుతున్నాం."

"ఏవేవి కొనాలో మీ మాస్టారు చెప్పలేదా?"

"అడిగాను. 'నీ చేతిని అడుగు' అన్నారు."

ఆయన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నా చెయ్యి అన్నం అడుగుతోంది మరి."

ఆమె నవ్వలేదు. చేతిని అడగమనడం మాస్టారికి తేలికే. ఏళ్ళ తరబడి అడిగించుకుని జవాబు చెప్పడం అలవాటైన చెయ్యి ఆయనది. ఆమె చేతికి గరిటె తెలుసు, ఇస్త్రీపెట్టె తెలుసు. ఉలి సంగతి అడిగితే అదేం చెబుతుంది? అందుకే ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళి, "బొమ్మలు చెక్కే ఉలులున్నాయా?" అంది. కొట్టాయన ఆమెనీ ఆమె చీరనీ ఓసారి చూసి, ఉన్నవాటిలో బాగా మెరిసేవి తీసి ముందు పెట్టాడు. దేనితో బొమ్మలని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

కింద అంతస్తులో పళ్ళ డాక్టరుగా ఆసుపత్రి నడుపుతున్న ఆడపడుచు అప్పుడే మెట్లెక్కి వచ్చింది. చేతిలో గుడ్డలో చుట్టిన పొట్లం.

"వదినా, నీకోసం పాత సామాను ఏరి తెచ్చాను. ఇది గార గీకేది. ఇది పుచ్చు తవ్వేది. ఇది దేనికో నాకే గుర్తులేదు. మా కాలేజీలో మైనంతో పళ్ళ బొమ్మలు చేయించేవాళ్ళు వీటితో."

"రాతి మీద పనిచేస్తాయా?"

"మా అన్నయ్య పళ్ళ మీద పనిచేశాయి. రాయి ఒక లెక్కా?"

"నా పళ్ళ జోలికి రాకండి," అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండా. తర్వాత అడిగాడు: "ఒకవేళ చెక్కుతూంటే రాయి పగిలిపోతేనో?"

"మనిషికి ఒకటే రాయి. పగిలితే మళ్ళీ మట్టిబల్లకే. వచ్చే ఏడాది కొత్త బ్యాచీ వచ్చేదాకా."

తేలిగ్గానే అంది గానీ, మళ్ళీ మట్టిబల్లంటే ఆమెకి తేలిక కాదు. మట్టిబల్ల దగ్గర ఆమె చాలాకాలం కూర్చుంది. మట్టి జల్లించింది, పిసికింది, చేతులు చేసింది, పాదాలు చేసింది. మట్టి ఎంత చెబితే అంత వింటుంది. నచ్చకపోతే నలిపేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఆ సౌకర్యమే ఆమెకి విసుగు పుట్టించింది. ఒకసారి తీసేశాక మళ్ళీ అతకని పదార్థంతో ఒక్క వస్తువు చెయ్యాలని ఉంది. ఏం చెయ్యాలో కూడా అనుకుంది. మూట. ఉతకడానికి వేసే దుప్పట్లన్నీ కలిపి, నాలుగు కొసలూ తెచ్చి ముడేస్తే, ఉబ్బి, ఒక పక్కకి ఒరిగి కూర్చునే మూట. రాతిలో ఆ మెత్తదనం రావాలి. ఇది ఇంట్లో చెబితే, "దానికి రాయెందుకు, చాకలిపద్దు చాలు," అంటారని చెప్పలేదు.

ఉలులు దేంట్లో మోసుకెళ్ళాలో తోచలేదు. చివరికి పాత అన్నం క్యారేజీ తీసి, పై గిన్నెలు రెండూ పక్కన పెట్టేసి, అడుగు గిన్నెలో ఉలులు నిలబెట్టి, చట్రానికి గుడ్డపేలికతో కట్టింది. డాక్టరమ్మ ఇచ్చిన పొట్లం సందులో దోపింది.

మర్నాడు క్లాసు జరిగే షెడ్డులోకి అందరికంటే ముందు వెళ్ళింది ఆమే. రేకుల కప్పు, దుమ్ముపట్టి తెల్లబడిన కిటికీలు, బల్లల మీద ఇసుక బస్తాలు. రాయి కదలకుండా కూర్చోవడానికి, దెబ్బ బల్లకి తగలకుండా ఉండడానికి ఆ బస్తాలు. మూలన గోనెపట్టాల కింద రాళ్ళు. పట్టా తీసి మాస్టారు పక్కకి తప్పుకున్నారు.

"ముందొచ్చినవాళ్ళు ముందు తీసుకోండి. అన్నీ బలపపు రాయి జాతే. మెత్తవే."

అన్నీ ఒకటే అయినప్పుడు ఎంచుకోవడం మరీ కష్టం. ఆమె ఒకదాని మీద చెయ్యి వేసింది, తీసింది. ఇంకోదాని చుట్టూ తిరిగింది. ఆఖరికి లేతాకుపచ్చ రాయి ఒకటి కళ్ళని లాగేసింది. దాని నిండా తెల్లటి గీతలు, నీళ్ళల్లో పాలు పోసిన క్షణంలో కనిపించే తీగల్లా. గుడ్డ మడతల్లాగే ఉన్నాయనుకుంది. మూట అందులోనే ఉందనిపించింది.

"ఇదేనా?" అన్నారు మాస్టారు.

"ఇదే."

ఆయన ఏదో అనబోయి మానేశారు. ఎప్పుడూ చంకలో టేపు పెట్టుకు తిరిగే బ్యాంకాయన పొడవూ వెడల్పూ కొలిచి నల్లగా చతురస్రంగా ఉన్నది తీసుకున్నాడు. మిగతావాళ్ళూ తలా ఒకటి దొర్లించుకుపోయారు. అంతా అయ్యాక వాళ్ళ బ్యాచీలోని నర్సు వచ్చింది, మెడలో ఆసుపత్రి కార్డు ఇంకా వేలాడుతుండగా, ఆయాసపడుతూ.

"అప్పుడే పంచేశారా? నా డ్యూటీకి వచ్చే మనిషి రాకపోతే నేనేం చెయ్యను!"

మిగిలింది ఒకటే. బూడిదరంగు, ఏ వన్నే లేనిది. నర్సు రెండు చేతులా దాన్ని తట్టి, "రా నాయనా, మనకి మనం," అని పేషెంటుని మంచం మార్చినంత ఒడుపుగా ఎత్తి బస్తా మీద కూర్చోబెట్టింది. ఆ మోచేతుల బలం చూసి బ్యాంకాయన దారి ఇచ్చాడు.

పాత బ్యాచీవాళ్ళు గోడవారన ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. వాళ్ళలో పెద్దవాడు మీసాలాయన, బస్సు డిపోలో మెకానిక్కుగా చేసినవాడు, దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కవాడి భుజాలు కదిలాయి. తన క్యారేజీని చూసి నవ్వుకుంటున్నారని ఆమె అనుకుంది.

"అక్కయ్యగారు భోజనం తెచ్చారు. ఏం కూర?" అన్నాడు మీసాలాయన.

"ఉలులు."

"వేపుడా, పులుసా?"

ఆ రోజునుంచి షెడ్డులో ఆమె పేరు క్యారేజీ అక్కయ్య అయింది.

నవ్వు సద్దుమణగక ముందే ఆమె అన్నిటికంటే అందమైన ఉలి తీసి, ఆకుపచ్చ రాతి మీద పెట్టి, ధైర్యం కూడగట్టుకుని ఒక్క దెబ్బ వేసింది. రాతికి తెల్లటి మచ్చ పడింది. ఉలి అంచు ఎండుటాకులా చుట్టుకుపోయింది. పిడి మధ్యకి చీలింది.

మాస్టారు ఉలిని చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచు తడిమారు. "ఇది వడ్రంగిది తల్లీ. చెక్కని కోస్తుంది. రాయిని కొయ్యకూడదు, నలగ్గొట్టాలి."

"మీరు చేతిని అడగమన్నారు కదా."

"అడిగావా?"

"లేదు. కొట్టాయన్ని అడిగాను."

ఆ రోజుకి ఆమెకి పని లేకుండా పోయింది. పంటి సామాను తీసి రాతి మీద గీకి చూసింది. బలపంలా సన్నటి పొడి రాలింది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు గానీ, గొడ్డలి కావలసినచోట గోరు పట్టుకు కూర్చోవడం ఇంకా హాస్యంగా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

చేతులు కడుక్కోవడానికి వెనకవైపు కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు గోడకి అవతలనుంచి మీసాలాయన గొంతు వినిపించింది.

"ఈసారి ఓటిరాయి ఎవరి పాలబడిందో చూశావుగా?"

"చూశాను. ముద్దుగా తట్టి మరీ తీసుకెళ్ళింది, పాపం."

ఆమె చేతిమీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తీసుకెళ్ళింది. అంటే ఆడమనిషి. కొత్త బ్యాచీలో ఆడవాళ్ళు ఇద్దరే, తనూ నర్సూ. తను తట్టిందా? చెయ్యి వేసింది, నిమిరింది. అది తట్టడం కిందికి వస్తుందా? నర్సు తట్టింది నిజమే. కానీ ముద్దుగా తట్టిందా?

కుళాయి కట్టేసి, గోడ చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఓటిరాయి అంటే ఏంటన్నయ్యా?"

మీసాలాయన మొహం దొంగపిల్లిలా అయిపోయింది. "ఏం లేదక్కయ్యా. ప్రతి బ్యాచీకీ ఒకటి పడుతుంది. పైకి బానే ఉంటుంది, లోపల పగులు. సగం పనయ్యాక ఫట్‌మంటుంది. అది పడ్డవాళ్ళు అందరికీ టీ ఇప్పించి మట్టిబల్లకి వెళ్ళిపోతారు. సరదా."

"ఎవరికి సరదా?"

"అబ్బే, మాస్టారి పద్ధతది. రాయిని వినడం రావాలంటే ఒకరిది పగలాలంటారు. మా బ్యాచీలో నాదే పగిలింది. గుర్రం చేస్తున్నాను. మెడదాకా వచ్చింది." ఆయన మీసం సవరించుకున్నాడు. "ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది."

నవ్వొస్తుందన్న మనిషి నవ్వలేదు.

"ఈసారి ఎవరిది?"

"చెబితే సరదా ఏముంటుంది?"

ఆమె లోపలికి వచ్చి, చుట్టూ చూసి, సుత్తి చివరతో తన రాయిని మెల్లిగా కొట్టింది. 'దబ్' అంది. ఓటికుండ మోత. ఇంకోచోట కొట్టింది. అక్కడా 'దబ్'. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడని ఇల్లాలు ఉండదు. రాయిని మాత్రం కంటితో చూసి తెచ్చుకుంది. తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే బజారంతా తిరిగి, రాతిపనివాళ్ళకి సామాను అమ్మే కొట్టు పట్టుకుంది. ఇక్కడి ఉలులకి పిడులే లేవు. నల్లటి ఇనప కడ్డీలు, అంతే. ఒక కొస మొన, ఒక కొస దువ్వెన పళ్ళలా, ఒక కొస పలకలా. చూస్తే ఎవరికీ కొనబుద్ధి కాదు.

"మొన ఉలితో పెద్దపెద్ద పెళ్ళలు లేపండి, పళ్ళ ఉలితో దున్నండి, పలక ఉలితో చదును చెయ్యండి," అన్నాడు కొట్టు కుర్రాడు, వినీ వినీ కంఠతా వచ్చినవాడిలా. "సుత్తి ఏ సైజు?"

"ఏ సైజు ఉండాలి?"

"మీకెంత కోపం ఉంది?"

ఆమెకి నవ్వొచ్చింది. ఒక్కో సుత్తీ ఎత్తి గాల్లో ఆడించింది. బరువైనది తనంతట తనే కిందికి లాగుతోంది. తేలికైనది చెబితేగాని దిగడం లేదు. మధ్యరకందాన్ని ఎత్తి దించేసరికి, ఎందుకో చెప్పలేదు గానీ, మణికట్టు ఊరుకుంది. ఇదేనా చేతిని అడగడమంటే? అయితే మాత్రం ఏం లాభం? మద్దెలే ఓడైనప్పుడు చేతులకి కొత్త గాజులు తొడిగినట్టే, ఈ ఉలులూ సుత్తీ కొనడం.

సాయంత్రం గిన్నెలు తోముతుంటే ఆడపడుచు కాఫీకి వచ్చి గట్టు మీద కూర్చుంది.

"ఏమ్మా డాక్టరమ్మా, పైకి కనపడని పగులు పంటికి ఉందని ఎలా పట్టుకుంటావు?"

"కొరకమంటాను. కొరుకుతున్నప్పుడు ఊరుకుని, వదలగానే కేకపెడితే అదే పగులు."

"రాయి కేకపెట్టదే."

"పెడుతుందేమో వదినా. మా అన్నయ్య సోదిని ఒక చెవిన విని ఒక చెవిన వదిలి వదిలి నీ చెవులకి అలవాటు తప్పింది."

"విన్నాను," అన్నాడు ముందుగదిలోంచి భర్త.

ఆమె కడిగిన క్యారేజీ గిన్నెని మడతపెట్టిన తువ్వాలు మీద బోర్లించింది. చెంచా చేయిజారి దాని మీద పడింది. 'దబ్'. ఆమె చెయ్యి ఆగింది. మంచి గిన్నె అది, సొట్టయినా లేదు. చెంచాతో మళ్ళీ కొట్టింది. 'దబ్'. గిన్నెని అంచు పట్టుకుని పైకెత్తి కొట్టింది. 'ఖంగ్' మని వంటిల్లంతా మోగింది. తువ్వాలు మీద పెట్టింది, 'దబ్'. ఎత్తింది, 'ఖంగ్'.

"వదినా, నీకేమైనా అయిందా?"

"బస్తా," అంది ఆమె. "ఇసుక బస్తా. మోత మింగేసింది."

ఆడపడుచు కాఫీ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళి అన్నయ్యతో గుసగుసగా ఏదో చెప్పింది. ఆయన, "రాళ్ళతో తిరిగితే అంతే," అనడం మాత్రం వినిపించింది.

మర్నాడు షెడ్డుకి ఎవరూ రాకముందే వెళదామని బయల్దేరింది. తీరా వెళితే నర్సు అప్పటికే ఉంది. ఇవాళ డ్యూటీ లేదట. బస్తా మీద తల ఆనించుకుని, తన రాయి పక్కనే కళ్ళు మూసుకుని కూర్చుంది.

"నిద్రా?"

"పరిచయం పెంచుకుంటున్నానక్కా. దిండు చేద్దామనుకుంటున్నాను. రాతి దిండు. ఎటూ నాకు దాని మీద పడుకునే తీరిక ఉండదు, మెత్తగా ఉంటే ఎంత, గట్టిగా ఉంటే ఎంత?"

దిండు, మూట. ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఆమె తన మూట సంగతీ ఓటిరాయి సంగతీ చెప్పేసింది. చెప్పాక, చెప్పకుండా ముందు తను ఒక్కతే పరీక్ష చేసుకోవలసిందేమో అనిపించింది. అనిపించినందుకు మళ్ళీ ఇబ్బందిగా అనిపించింది. నర్సు ఇవేమీ గమనించలేదు. లేచి చీర కుచ్చెళ్ళు దోపుకుంది.

"ఎత్తుదాం పట్టు."

మూలనున్న చెక్కపట్టీలు రెండు తెచ్చి నేలమీద ఎడంగా పరిచారు. ముందు ఆకుపచ్చ రాయిని ఎత్తి వాటి మీద నిలిపారు. కింద గాలి తప్ప ఏమీ లేదు. ఆమె సుత్తి తీసుకుంది. కొట్టింది.

'ఖణేల్' మంది. గుడిగంటకి తమ్ముడిలా, సాగి, సన్నబడి, ఆగింది.

ఆమె మొహం విప్పారిపోయింది. ఆ నవ్వు ఇంకా మొహాన ఉండగానే లెక్క తేలింది. రెండింట్లో ఒకటి ఇది కాకపోతే... నవ్వుని ఎక్కడ దాచుకోవాలో తెలియక పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

బూడిదరంగు రాయిని ఎత్తి పెట్టారు. నర్సే కొట్టింది. 'దబ్'. పక్కకి జరిపి కొట్టింది. 'దబ్'. ఆసుపత్రిలో రోజుకి ఎంతమంది వీపుల మీద తట్టి ఉంటుందో, రెండో దెబ్బకే సుత్తి కింద పెట్టేసింది. బక్కెట్టుతో నీళ్ళు తెచ్చి రాతి మీద పోసి, ఇద్దరూ గొంతుక్కూర్చుని చూశారు. రాయి పైనుంచి ఆరుతూ వచ్చింది. అంతా ఆరాక, నడుముకి మొలతాడు కట్టినట్టు, సన్నటి నల్లగీత ఒకటి తడిగా మిగిలిపోయింది.

"నాది ఎప్పుడూ ఇంతే," అంది నర్సు. ఏడుపేమీ లేదు ఆ గొంతులో. అదే ఆమెకి భరించడం కష్టమైంది.

మాస్టారు వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఎదురైంది.

"రాయి మార్చాలి మాస్టారూ. నర్సుగారిది ఓటిది."

"ఆడలేక మద్దెల ఓడనేవాళ్ళని చాలామందిని చూశానమ్మా."

"మద్దెల నిజంగానే ఓడైతే?"

ఆయన చెప్పులు విడుస్తూ ఆగారు. ఆయన వెనకే వచ్చిన మీసాలాయన, గుమ్మం దాటాలా వద్దా అన్నట్టు నిలబడిపోయాడు.

"నాకెవరూ చెప్పలేదు తల్లీ," అన్నారు మాస్టారు. "నా మొదటి రాయి పగిలింది. మొహం చేస్తున్నాను. ముక్కు దగ్గర రెండయింది. ఆ రోజునుంచి నాకు చెవులొచ్చాయి. నోటితో చెబితే రావు అవి."

"మీ చెవుల కోసం మీ రాయి పగిలింది. బాగుంది. మా అందరి చెవుల కోసం ఎవరిది పగలాలి? ఆఖర్న మిగిలింది తీసుకునేవాళ్ళదేగా? ఆఖర్న ఎవరొస్తారు? పని మధ్యలో వదిలి రాలేనివాళ్ళు." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీకు తెలిసే ఉంచారు అందులో."

మాస్టారు రెండో చెప్పు కూడా విడిచారు. ఆయన మొహంలో కోపం ఉందో, ఇంకేమైనా ఉందో ఆమెకి అర్థం కాలేదు. పాఠం అనుకుని ఇన్నేళ్ళూ అప్పజెప్పినదాన్ని మొదటిసారి తనే విన్నవాడిలా మాత్రం ఉన్నారు. లోపలనుంచి చప్పుడు మొదలైంది.

టక్. టక్. టక్.

నర్సు నేలమీద మోకాళ్ళూని కూర్చుంది. తడిగీత వెంబడే, క్యారేజీ అక్కయ్య తెచ్చిన కొత్త ఉలుల్ని వరసగా నిలబెట్టింది, మధ్యలో మొన ఉలి, రెండు పక్కలా మిగతావి. ఒకదాని మీద ఒక దెబ్బ, పక్కదాని మీద ఒక దెబ్బ. దేని మీదా రెండోది వెయ్యడం లేదు.

"నర్సమ్మా! ఏం చేస్తున్నావు?" అన్నాడు మీసాలాయన.

"సగం పనయ్యాక పగిలేదాన్ని ముందే పగలగొట్టుకుంటున్నాను. కుట్లు వేసే చీలిక కాదిది, తెరవాల్సిందే."

దెబ్బ దెబ్బకీ మోత పైకి పోయింది. సన్నబడింది. బ్యాంకాయన కూడా వచ్చి చేరాడు. టేపు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. తర్వాత దెబ్బకి మోతే లేదు. నిట్టూర్పులాంటి చిన్న చప్పుడు. రాయి రెండుగా తెరుచుకుని చెరోపక్కకీ ఒరిగింది.

లోపలి ముఖం బూడిదరంగు కాదు. తడి ఇసుక రంగు, అక్కడక్కడా చిన్న మెరుపు. గుర్రం మెడని పోగొట్టుకున్న మీసాలాయన ముందుగా వంగి, ఆ ముఖం మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

మాస్టారు వచ్చి ఒక్కో ముక్కనీ పట్టీల మీద పెట్టి కొట్టి విన్నారు. రెండూ మోగాయి. "రెండూ మంచివే," అన్నారు. ఇంకేదో చెబుతారని అందరూ చూశారు. ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళి, అక్కడ సర్దడానికి ఏమీ లేకపోయినా సర్దుతూ ఉండిపోయారు.

"మట్టిబల్లకి పోవాలా నేను?" అంది నర్సు వెనకనుంచి.

"రెండు రాళ్ళున్న మనిషి మట్టిబల్లకెందుకు?" అన్నారాయన, తిరగకుండానే.

ఆమె సంతోషంగా తన ఆకుపచ్చ రాయిని బస్తా మీదికి చేర్చుకుంది. ఎవరికో మంచి జరగడానికి తనూ కారణమైన రోజు పనిలో చెయ్యి తేలికగా ఉంటుంది. మొన ఉలి ఏటవాలుగా పట్టుకుని, నచ్చిన సుత్తితో కొట్టింది. పెళ్ళ లేచింది. ఎంత చక్కగా లేచిందో! ఇంకోటి. మూడో దెబ్బకి ఉలి తెల్లగీత మీద పడి సర్రున జారింది. నిప్పురవ్వ లేచింది. మళ్ళీ కొట్టింది. మొన మొద్దుబారింది. పళ్ళ ఉలి తీసింది. ఒక పన్ను ఊడింది. గీత మీద గీరైనా పడలేదు. పంటి సామాను మాట దేవుడెరుగు.

మాస్టారు ఎప్పుడు వచ్చి నిలబడ్డారో చూడలేదు.

"ఈ తెల్లగీతలు గాజుతో సమానం తల్లీ. చుట్టూ ఉన్నది వెన్న. కొడితే వెన్న పోతుంది, గాజు మిగులుతుంది. నాకే ఏడాది పడుతుంది దీంతో."

"ఖణేల్‌మని మోగింది కదా!"

"మోగుతుంది. పగులు లేదని చెప్పింది, చెక్కనిస్తానని చెప్పలేదుగా."

"మరి మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

ఆయన ఇబ్బందిగా మెడ రుద్దుకున్నారు. "చెప్పబోయాను. నీ మొహం చూసి మానేశాను. అంత ఇష్టంగా తీసుకున్నావు."

గోడవారనుంచి మీసాలాయన మెల్లిగా అన్నాడు: "అక్కయ్యా, ఆ రోజు మేం నవ్వుకుంది ఒక్క నర్సమ్మని చూసే కాదు."

ఆమె ఉలి కింద పెట్టింది. ఇది పగిలిన రాయి కాదు కాబట్టి మట్టిబల్లకి పొమ్మనేవాళ్ళు లేరు. చెక్కుడుపడేది కాదు కాబట్టి ఇక్కడ కూర్చునీ చేసేది లేదు. పొద్దుట తను ఎవరి తరఫున గుమ్మంలో నిలబడి కొట్లాడిందో, ఇప్పుడు ఎవరు ఎవరి తరఫున కొట్లాడాలో ఏమీ తోచలేదు. అడ్డగోలుగా ఏడుపొచ్చింది. మోకాలి మీది రాతిపొడిని అనవసరంగా దులుపుకుంటూ కూర్చుంది.

ఎదురుగా బస్తా మీద ఏదో బరువుగా దిగింది. నర్సు, రెండు ముక్కల్లో ఒకదాన్ని మోసుకొచ్చి దించి, నడుం పట్టుకుంది.

"ఇది నీది."

"వద్దు వద్దు. నీ రాయి."

"నాకు దిండు ఒకటి చాలక్కా. రెండు దిళ్ళేసుకుని పడుకునేంత సుఖం నాకెక్కడిది?"

"అసలు... నేను నీకోసమని..." ఏం చెప్పబోయిందో ఆమెకే తెలియలేదు.

"నువ్వు నాకోసం అరిచావు. నీ ఉలులతో కొట్టాను. లెక్కలు తర్వాత చూసుకుందాం గానీ, మూట అన్నావు కదా, ముడి ముందు చెయ్యకు. ముడి విరిగితే మూటంతా విప్పుకుపోయినట్టుంటుంది." అనేసి వెళ్ళిపోయింది, వార్డులో ఇంకో మంచం పిలిచినట్టు.

ఆ సాయంత్రం ఆమె వంటింటి గట్టు మీద క్యారేజీ విప్పింది. పళ్ళ ఉలి సందుల్లో ఇరుక్కున్న రాతిపొడిని ఆడపడుచు ఇచ్చిన గార గీకేదానితో ఒక్కొక్క సందులోంచీ తీసింది. దానికోసమే చేసినట్టు సరిపోయింది.

"రాయి పగిలిందా?" అన్నాడు భర్త తలుపు దగ్గర నిలబడి. ఆమె మొహం చూసి అడగడానికి భయపడి, అడక్కుండా ఉండలేక.

"పగిలింది."

"అయ్యో. మరిప్పుడు?"

"సగం నాకిచ్చారు."

"నీ రాయిలో సగం నీకివ్వడమేంటి?"

"నాది పగల్లేదు. నాది తలుపుకి అడ్డం పెట్టుకున్నారు."

ఆయన అర్థమైనట్టు తల ఊపి, "అన్నం పెట్టుకోనా?" అన్నాడు. బల్ల మీద దుప్పటి ఆమె అప్పటికే తీసేసింది.

మర్నాడు షెడ్డు తలుపు ఎప్పట్లా గాలికి కొట్టుకోవడం లేదు. ఆకుపచ్చ రాయి తెల్లగీతలన్నీ బయటికి పెట్టుకుని దాన్ని ఆనుకుని కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళందరూ దాన్ని చూసి, "ఎంత బాగుందో," అంటున్నారు. లోపల మూలన, వచ్చే ఏడాది బ్యాచీ కోసం అప్పుడే దింపిన రాళ్ళమీద గోనెపట్టా కప్పి ఉంది. ఆ పక్కనే, నిన్నటిదాకా లేనిచోట, చెక్కపట్టీలు రెండు ఎడంగా పరిచి ఉన్నాయి. వాటిమీద చిన్న సుత్తి. మాస్టారు పెట్టారా, మీసాలాయన పెట్టాడా? ఆమె ఇద్దరి వంకా చూసింది. ఇద్దరూ మహా శ్రద్ధగా పని చేసుకుంటున్నారు.

తన సగం రాయిని ఎత్తుకొచ్చి పట్టీల మీద పెట్టింది. సుత్తితో మెల్లిగా కొట్టింది. అనుమానం ఉండి కాదు. వినాలనిపించింది.